దాపల ఏది, వలపల ఏది?

నాగలి కట్టే రైతు ఎడమ, కుడి అనడు. ఎలపటెద్దు, దాపటెద్దు అంటాడు. వలపల అంటే కుడి, దాపల అంటే ఎడమ. కాడికి అలవాటు పడ్డ ఎద్దుని పక్క మార్చి కడితే సాలు వంకర పోతుంది. నెల్లిమర్ల చుట్టుపక్కల పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చాక ఈ మాటలు పలచబడ్డాయి గానీ, మన ఒంట్లో మాత్రం ఆ కాడి ఇంకా దింపలేదు. గుండె మొగ్గు దాపలకి, కాలేయం వలపలకి. ప్లీహం దాపలకి, అపెండిక్సు వలపలకి. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండే. పక్కనున్న గుండెకి చోటివ్వాలి కదా.

పైకి చూడబోతే అంతా తక్కెట్లో తూచినట్టే ఉంటుంది. రెండు కళ్ళు, రెండు చెవులు, రెండు చేతులు. లోపలికి వెళ్తే చాలా అవయవాలు నడిమధ్యన కుదురుగా కూర్చోవు. నెల్లిమర్ల మిమ్స్‌లో అయినా, మరో వైద్య కళాశాలలో అయినా మొదటి ఏడాది పిల్లలు ఏ అవయవం ఎటు పక్కనో బట్టీ పడతారు. చేతులే మొలవని పిండానికి తన ఎడమ చెయ్యి ఏదో ఎవరు చెప్పారన్నదే అసలు తమాషా.

ఫోన్లో ఎడమ

ఒక ఆట ఆడి చూడండి. ఎప్పుడూ మనుషుల్ని చూడని ఎవరికో ఫోన్లో ‘ఎడమ’ అంటే ఏమిటో చెప్పాలి. ‘కింద’ సులువు: వదిలేస్తే వస్తువు ఎటు పడుతుందో అదే కింద. ‘ముందు’ కూడా సులువే: ముక్కు ఎటుంటే అటు. ఎడమ? “గుండె ఉన్న పక్క” అంటారు. పిండానికి ఇంకా గుండె రాలేదు. “అన్నం తినని చెయ్యి” అంటారు. చెయ్యీ లేదు. తల ఎటో తోక ఎటో, వీపు ఎటో పొట్ట ఎటో తేలిపోయాక కూడా ఈ మూడో దిక్కు మొండిగా మిగిలిపోతుంది. రెండు పక్కలూ అద్దంలో బొమ్మల్లా ఒకేలా ఉంటే ఏ పక్కకి ఏ పేరు పెట్టాలో తేల్చే ఆధారం ఏదో ఒకటి కావాలి.

ఆ ఆధారం ఒక్క మాటలో చెప్పాలంటే పురి.

నెల్లిమర్ల అనగానే జిల్లాలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది జూట్ మిల్లు. గోగు పండించి, నార తీసి, తాడు పేనిన ఊళ్ళు ఇవి. తాడు పేనినవాళ్ళకి ఒక సంగతి తెలుసు: కుడి పురి పెట్టిన తాడుని తలకిందులు చేసినా, తిప్పి పట్టుకున్నా అది కుడి పురే. నమ్మకపోతే ఇంట్లో పురికొస ముక్క తీసి చూడండి. చివర్లు మారతాయి, పురి మారదు. ఎడమ పురి కావాలంటే మొత్తం విప్పి కొత్తగా పేనాల్సిందే. అద్దంలో చూస్తే మాత్రం కుడి పురి ఎడమ పురిలా కనబడుతుంది. అంటే ఎడమకీ కుడికీ ఉన్న తేడాని ఎవరి వేలూ చూపించకుండానే తనలో దాచుకున్న వస్తువు పురి పెట్టిన తాడు. మన డీఎన్ఏ కుడి పురి. ప్రొటీన్లలో మెలికలు పడే భాగాలు చాలా మటుకు కుడి పురే. జీవకణం నిండా పురులే ఉన్నాయి. పిండం చేయాల్సిన పనల్లా ఆ అణువుల్లోని పురిని ఒంటికి పక్కగా మార్చుకోవడం. 1990లో నైజెల్ బ్రౌన్, లూయిస్ వోల్పర్ట్ అనే ఇద్దరు ఈ ఊహని కాగితం మీద పెట్టారు. అప్పటికి దాన్ని కళ్ళతో చూసినవాళ్ళు లేరు.

వంచి పట్టిన కవ్వం

చూసింది జపానులో. టోక్యో విశ్వవిద్యాలయంలో నొబుతకా హిరొకావా బృందం, 1998లో. ఏడున్నర, ఎనిమిది రోజుల ఎలుక పిండం పొట్ట వైపు చిన్న గుంట ఉంటుంది. దాని పేరు నోడ్. ఆ గుంటలో రెండు మూడు వందల కణాలు, ఒక్కో కణానికి ఒక్కో సన్నటి నూగు వెంట్రుక. శాస్త్రజ్ఞులు వాటిని సీలియా అంటారు. అవి నిమిషానికి ఆరు వందల చుట్ల దాకా గిర్రున తిరుగుతాయి, అన్నీ గడియారం ముల్లు తిరిగే వైపే. వెంట్రుక కొనవైపు నుంచి చూస్తే అచ్చం ప్రదక్షిణమే. రామతీర్థం గుడి చుట్టూ మనం తిరిగేదీ అటే. ప్రదక్షిణం అన్న మాటలోనే దక్షిణం, అంటే కుడి ఉందని వేరే చెప్పక్కర్లేదు.

అయితే గుండ్రంగా తిరిగితే నీరు సుడి తిరగాలి గానీ ఒక పక్కకి ఎందుకు పారుతుంది? కవ్వం నిటారుగా నిలబెట్టి చిలికితే మజ్జిగ ఉన్నచోటే గింగిరాలు కొడుతుంది. ఈ వెంట్రుకలు నిటారుగా ఉండవు, తోక వైపుకి వాలి ఉంటాయి. అందుకని ప్రతి చుట్టులోనూ సగం దూరం నేలని రాసుకుంటూ, సగం దూరం పైన ఖాళీలో తిరుగుతాయి. నేల దగ్గర ద్రవం అంటుకుపోయి కదలదు, పైన స్వేచ్ఛగా కదులుతుంది. పైన తిరిగే సగం ఎడమకి కొడుతుంది కాబట్టి మొత్తం మీద ద్రవం ఎడమకి పారుతుంది. తల–తోక తెలుసు, వీపు–పొట్ట తెలుసు, తిరుగుడు తెలుసు. మూడూ కలిస్తే ఎడమ పుట్టింది.

ఈ లెక్క నిజమేనా అని 2002లో అదే దేశంలో షిగెనొరి నొనాకా, హిరోషి హమాదా బృందం మొండి పరీక్ష పెట్టింది. పిండాలని చిన్న గదుల్లో ఉంచి, బయటినుంచి పంపుతో ద్రవాన్ని ఎదురు దిక్కుకి, కుడికి తోశారు. ఒంటి లోపలి పక్కలు తారుమారయ్యాయి. జన్యువుల్ని ఎవరూ ముట్టుకోలేదు, కేవలం నీటి వాలు మార్చారు. వ్యవసాయం తెలిసినవాడికి ఇది వింతగా అనిపించదేమో, కాలవ ఎటు తిప్పితే పొలం అటు పండుతుంది!

ఇంకో విడ్డూరం. వందల వెంట్రుకలు ఎందుకు, ఎన్ని ఉంటే చాలు అని వెతికితే, 2012లో తేలిన జవాబు: రెండు. గుంట మొత్తంలో రెండు వెంట్రుకలు తిరిగినా పిండం ఎడమని పట్టేసుకుంటుంది.

పారిన ద్రవాన్ని గుర్తుపట్టేది ఎవరన్న తగువు మాత్రం చాలాకాలం సాగింది. ఏదో పదార్థం ఎడమ గట్టుకి కొట్టుకొచ్చి చేరుతుందని కొందరన్నారు. గట్టు మీద కదలని వెంట్రుకలు ప్రవాహానికి వంగి, ఆ వంపునే సంకేతంగా తీసుకుంటాయని మరికొందరన్నారు. 2023లో రెండు బృందాలు, ఒకటి ఎలుకల్లో, ఒకటి జీబ్రా చేపల్లో, లేజరు కాంతితో ఆ వెంట్రుకల్ని ఒక్కొక్కటిగా పట్టి వంచి చూపించాయి. వంచితే చాలు, కణంలో కాల్షియం ఎగసింది. తూకం వంపు వైపే మొగ్గింది.

ఆ తర్వాత కథ జన్యువులది. నోడల్ అనే ప్రొటీను ఎడమ పక్కన మొదలై, తనని తనే పెంచుకుంటూ ఎండుగడ్డి మంటలా పాకుతుంది. లెఫ్టీ అనే మరో ప్రొటీను నడిమధ్యన పొలం గట్టులా నిలబడి, మంట కుడికి దాటకుండా చూస్తుంది. శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టడంలో ఎంత బద్ధకస్తులో చూడండి, ఎడమన కనబడింది కాబట్టి లెఫ్టీ.

ఒకే మనిషిలో మూడు జబ్బులు

లండనులో 1788లో మాథ్యూ బెయిలీ అనే వైద్యుడు కోత బల్ల మీద ఒక శవాన్ని చూసి నివ్వెరపోయాడు. గుండె కుడికి, కాలేయం ఎడమకి, అంతా అద్దంలో చూసినట్టు. అలాంటి మనుషులు సుమారు పదివేల మందిలో ఒకరు ఉంటారు. చాలామందికి ఏ బాధా ఉండదు. ఈసీజీ తీసినప్పుడు మొదటి గీత తలకిందులుగా వస్తే టెక్నీషియను “వైర్లు తప్పు పెట్టానేమో” అని మళ్ళీ మొదటినుంచి అతికిస్తాడు. అపెండిక్సు నొప్పి ఎడమ పక్కన వస్తే డాక్టరు ఇంకేదో అనుకుంటాడు. తెలియడమంటూ జరిగేది ఇలాంటప్పుడే. అన్నీ కలిసి తారుమారైతే ఇబ్బంది లేదు. కొన్ని మారి కొన్ని మారకపోతేనే గండం, ముఖ్యంగా గుండెకి. ఒక గది నుంచి రావాల్సిన గొట్టం ఇంకో గదికి తగులుతుంది.

1933లో జ్యూరిక్‌లో మానెస్ కార్టజెనర్ ఒక చిత్రమైన జోడింపు గమనించాడు. వదలని సైనస్, గొట్టాలు పాడై కఫం నిండే ఊపిరితిత్తులు, తారుమారైన అవయవాలు: మూడూ ఒకే మనిషిలో. ముక్కుకీ గుండె పక్కకీ ఏమిటి సంబంధం? నలభై ఏళ్ళకి పైగా ఎవరికీ అంతుబట్టలేదు. 1976లో స్వీడన్‌లో బ్యోర్న్ అఫ్జెలియస్ పిల్లలు కలగని కొందరు మగవాళ్ళ వీర్యకణాల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశాడు. తోకల్లో కదలికనిచ్చే చిన్న చేతుల్లాంటి డైనీన్ లేదు. అదే యంత్రం ముక్కులో, ఊపిరితిత్తుల్లో కఫాన్ని పైకి ఊడ్చే వెంట్రుకల్లోనూ ఉంటుంది. పిండంలోనూ ఏవో వెంట్రుకలు కదిలి ఎడమ కుడి తేలుస్తాయేమోనని ఆయన ఊహించాడు. నోడ్‌లో ప్రవాహం కనబడడానికి ఇరవై రెండేళ్ళ ముందు! ఈ కథలో నా ఓటు ఆయనకే.

ఇంకా చక్కటి మెలిక ఉంది. వెంట్రుకలు కదలని ఈ జబ్బున్న వాళ్ళందరికీ గుండె కుడికి ఉండదు, సుమారు సగం మందికే. ఎందుకంటే వెంట్రుకలు ఆగిపోతే పిండం కుడిని ఎంచుకోదు, ఎంచుకోవడమే మానేస్తుంది. అప్పుడు రూపాయి ఎగరేసినట్టే, బొమ్మో బొరుసో. ఇది చాలా మటుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే రకం. ఇద్దరూ లోపాన్ని మోస్తుంటే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాలు బాగా జరిగే మన పక్క డాక్టర్లు, చిన్నప్పటి నుంచీ ముక్కు కారుతూ దగ్గుతో ఉండే బిడ్డకి ఛాతీ ఎక్స్‌రేలో గుండె ఎటుందో ఓసారి చూడడం మంచిది.

ఒక అపోహ కూడా తీరిపోవాలి. పుర్రచేతి వాటం వాళ్ళకి గుండె కుడికి ఉండదు. లోపల అంతా తారుమారైన వాళ్ళలో కూడా పుర్రచేతివాళ్ళు మామూలు జనంలో ఉన్నంతమందే. చేతి వాటానిది వేరే దారి.

కోడి లెక్క వేరు

మా రోజుల్లో డిగ్రీ జువాలజీ చదివిన ప్రతివాడి రికార్డు పుస్తకంలోనూ కోడి పిండం ఉంటుంది. పద్దెనిమిది గంటలు, ఇరవై నాలుగు, ముప్ఫై మూడు, నలభై ఎనిమిది గంటల స్లైడులు. హెచ్‌బీ పెన్సిలుతో గీసి, చుక్కలు పెట్టి, డెమాన్‌స్ట్రేటరుగారి సంతకం కోసం క్యూలో నిలబడేవాళ్ళం. ముప్ఫై మూడు గంటల బొమ్మలో గుండె తిన్నటి గొట్టంగా ఉండదు, పక్కకి ఉబ్బి ఉంటుంది. ఎప్పుడూ కుడి పక్కకే. నలభై ఎనిమిదికి తల పక్కకి తిరిగి, పిండం ఎడమ చెంప మీద పడుకుంటుంది. గీశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఎందుకు ఎప్పుడూ అటే అని మాలో ఒక్కడు కూడా అడగలేదు.

కోడి పిండం వెంట్రుకల్ని నమ్ముకోదు. ఎలుక నోడ్‌కి సమానమైన చోట దాని కణాలే కాసేపు ఎడమకి జరుగుతాయి. దాంతో రెండు పక్కలా సమానంగా ఉన్న జన్యువుల చోటు మారుతుంది. 1995లో మైకేల్ లెవిన్, క్లిఫ్ టాబిన్ బృందం కోడి పిండంలో సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు ఎడమ పక్కన మాత్రమే పనిచేస్తుందని చూపింది. ఆ పేరు వీడియో గేములోని నీలం ముళ్ళపంది నుంచి వచ్చింది. అప్పటిదాకా ఎడమ కుడి అంటే శరీర శాస్త్రం, ఆ రోజు నుంచీ జన్యువుల లెక్క.

కోడిలో ఇంకా స్పష్టంగా కనబడే దాపల సంగతి ఒకటుంది. దానికి ప్రయోగశాల అక్కర్లేదు, చికెన్ కొట్టు చాలు. నాటుపెట్టని కోసేటప్పుడు గుడ్ల గుత్తి ఏ పక్కనుంటుందని అడిగితే కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు. “నానెన్ని కోళ్ళు కోసానో నెక్క నేదు బాబూ. ఎడంపక్కే ఉంటాది, అదేటి కొత్త?” అన్నాడు. నిజమే. పెట్టకి పనిచేసే అండాశయం ఎడమదొక్కటే. పిండంలో రెండూ మొదలవుతాయి గానీ కుడిది ఎదగకుండా ఆగిపోతుంది. ఎడమ పక్కన పిట్ఎక్స్2 అనే జన్యువు పనిచేయడమే అందుకు మూలం. గుండె మెలికకి, పేగుల తిరుగుడుకి కూడా ఆ జన్యువే చెయ్యి కలుపుతుంది.

ఎడమ చెంప మీద పడుకున్న పిండం సంగతి అక్కడితో ఆగదు. పొదుగు చివరి రోజుల్లో పిల్ల కుడి కన్ను పెంకు వైపు, ఎడమ కన్ను ఒంటి వైపు ఉంటుంది. పెంకులోంచి వడకట్టుకుని వచ్చే వెలుగు కుడి కన్నుకే తగులుతుంది. ఆస్ట్రేలియాలో లెస్లీ రోజర్స్ 1982లో చూపిందేమిటంటే, గుడ్లని చీకట్లో పొదిగితే పిల్లల కళ్ళ మధ్య ఉండాల్సిన పని విభజన సరిగా ఏర్పడదు. వెలుగు తగిలిన కోడిపిల్ల గింజనీ గులకరాయినీ కుడి కన్నుతో వేరు చేస్తుంది. పైన తిరిగే గద్దని ఎడమ కన్నుతో కనిపెడుతుంది. పెరట్లో కోళ్ళున్నవాళ్ళు చూసే ఉంటారు, గద్ద నీడ పడగానే తల పక్కకి వంచి ఒంటి కన్నుతో ఆకాశం కేసి చూస్తాయి. ఏ కన్నో ఈసారి గమనించండి.

ఒక్క అణువు చాలట

ఈగకి నోడూ లేదు, అలా గిర్రున తిరిగే వెంట్రుకల గుంటా లేదు. పండ్ల ఈగలో మయోసిన్ 1డి అనే మోటారు ప్రొటీను చెడిపోతే పేగులూ జననాంగాలూ ఎదురు దిక్కుకి తిరుగుతాయని 2006లో తెలిసింది. 2018లో ఫ్రాన్సులో స్తెఫాన్ నొసెల్లి బృందం ఇంకా సాహసం చేసింది. మామూలుగా మెలికే లేని భాగాల్లో ఆ ఒక్క ప్రొటీన్నీ తయారు చేయించింది. పురుగు ఒళ్ళంతా మెలి తిరిగింది. పురి నుంచి పక్క పుడుతుందన్న పాత ఊహకి ఇంతకంటే సూటి సాక్ష్యం దొరకడం కష్టం.

శంఖం దగ్గర తికమక

నత్తల్లో పక్క తేల్చేది పిండం కాదు, తల్లి. నాలుగు కణాలు ఎనిమిది అయ్యేటప్పుడు పై కణాలు ఎటు వాలితే గుల్ల అటు చుట్టుకుంటుంది. ఆ వాలు తల్లి గుడ్డులో పెట్టిన సరుకుని బట్టి ఉంటుంది. పిల్ల జన్యువులు ఏమైనా సరే, దాని గుల్ల తల్లి జన్యువుల మాటే వింటుంది. 1923లో ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్ ఈ గుట్టు విప్పాడు. ఇంగ్లాండులో జెరెమీ అనే ఎడమ గుల్ల నత్తకి జోడీ దొరకక, నాటింగ్‌హామ్‌లో ఆంగస్ డేవిసన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటన ఇచ్చి మరీ సంబంధం వెతికాడు. పుట్టిన పిల్లలన్నీ కుడి గుల్లలే!

జపాను దక్షిణ దీవుల్లో నత్తలు తినే ఒక పాముకి కింది దవడలో కుడి పక్క పళ్ళు ఎక్కువ, ఎడమ పక్క తక్కువ. కుడి గుల్లలోంచి మాంసం లాగడానికి తయారైన దవడ అది. ఎడమ గుల్ల నత్త కనబడితే తడబడుతుంది. అక్కడ ఎడమ నత్తలు బతికి బట్టకట్టాయంటే ఈ పాము పుణ్యమే.

మన దక్షిణావర్త శంఖం ఇంకో తికమక. శంఖాన్ని మనం మొన పైకి, చుట్ల శిఖరం కిందికి పెట్టి చూస్తాం. నోరు కుడి వైపు కనబడితే దక్షిణావర్తం. జీవశాస్త్రజ్ఞుడు శిఖరం పైకి పెట్టి చూస్తాడు. అదే శంఖం అతనికి ఎడమ గుల్ల. ఇద్దరూ ఒకే వస్తువుని పట్టుకుని ఎదురు పేర్లు పెట్టారు. మన తీరపు శంఖాల్లో అది నిజంగా అపురూపం. అందుకే మోసం కూడా. అమెరికా తీరంలో పుట్టుకతోనే ఎడమకి చుట్టుకునే వేరే జాతి గుల్లని తెచ్చి, దక్షిణావర్తమని వేలకి వేలు అమ్ముతుంటారు. ఆ జాతిలో అది మామూలే, అక్కడ కుడిదే వింత.

సమానంగా ఉంచడం కూడా పనే

ఎడమకి పాకే నోడల్ సంకేతం వెన్నెముకకి పునాది వేసే కణాల ముద్దల పక్కనుంచే పోతుంది. అవి రెండు పక్కలా జతగా, ఒకే తాళంలో ఏర్పడాలి. లేకపోతే వెన్ను వంకర. ఆ జతల్ని ఎడమ కుడి గొడవ సోకకుండా కాపాడేది ఎ విటమిను నుంచి తయారయ్యే రెటినాయిక్ ఆమ్లమని 2005లో మూడు బృందాలు చూపించాయి. మన వెన్ను రెండు పక్కలా సమానంగా ఉందంటే ఊరికే అలా వదిలేసినందుకు కాదు, ఎవరో కాపలా కాశారు.

పేగుల కథ దర్జీవాళ్ళకి బాగా అర్థమవుతుంది. సాగదీసిన ఎలాస్టిక్‌కి పావడా గుడ్డ కుట్టి వదిలితే కుచ్చులు పడతాయి కదా. పేగు వేగంగా పొడుగు పెరుగుతుంది, దాన్ని వీపుకి కట్టి ఉంచే పొర అంత వేగంగా పెరగదు. అందుకని మడతలు. 2011లో టాబిన్, ఎల్. మహదేవన్ బృందం రబ్బరు గొట్టాన్ని సాగదీసిన రబ్బరు రేకుకి కుట్టి, కోడిపిల్ల కడుపులో ఉన్న మడతల్ని బల్ల మీద తెప్పించింది. మొదటి మలుపు ఎటు అన్నది మాత్రం ఆ పొరకి ఎడమ పక్క చెబుతుంది.

కోనాడలో బొమ్మా బొరుసూ

నెల్లిమర్ల పక్కనుంచి పారే చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ తీరం చేపల్ని మొదట శ్రద్ధగా పుస్తకంలోకి ఎక్కించినవాడు పాట్రిక్ రస్సెల్. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఆయనదే. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో 1803లో వచ్చిన ఆయన పుస్తకంలో జాలర్లు పిలిచే తెలుగు పేర్లే ఉంటాయి. బల్లపరుపు చేపలు కూడా వాటిలో ఉన్నాయి. ఈ చేప పుట్టినప్పుడు మామూలుగానే ఉంటుంది, అటొక కన్ను, ఇటొక కన్ను. కొన్ని వారాలకి ఒక కన్ను నుదురు దాటి రెండో పక్కకి వలస పోతుంది. ఆ తర్వాత చేప గుడ్డి పక్కని ఇసుకకి ఆనించి పడుకుంటుంది. ఈ గుంపులో చాలా జాతులకి పక్క ఖరారే, ఎప్పుడూ ఎడమో ఎప్పుడూ కుడో. మన తీరంలో దొరికే సెట్టోడెస్ ఎరుమై అనే పెద్ద నోటి చేప మాత్రం ఖరారు చేసుకోదు. వలలో పడ్డవాటిని వరసగా పేర్చితే సుమారు సగం ఎడమ కళ్ళవి, సగం కుడి కళ్ళవి.

ఉప్పుటేరుల బురదలో ఒక డెక్క మాత్రం ఒంటికి మించి పెరిగిన మగ పీతల్ని చూసే ఉంటారు, దాన్ని ఊపుతూ ఆడపీతల్ని పిలుస్తుంటాయి. వాటిలోనూ చాలా జాతుల్లో పెద్ద డెక్క కొన్నిటికి కుడికి, కొన్నిటికి ఎడమకి. చిన్నతనంలో రెండూ ఒకేలా పెరుగుతూ ఉంటాయి. ఏదో ఒకటి ఊడుతుంది. ఊడిన చోట చిన్న డెక్క మొలుస్తుంది, మిగిలినది పెద్దదవుతుంది. వెంట్రుకల సుడీ లేదు, లెఫ్టీ గట్టూ లేదు. ఏ డెక్క ముందు ఊడిందో, అంతే.